స్కోర్స్‌బీ సుండ్ క్రూజ్‌లో ఇత్తొక్కొర్తూర్మీత్ ఊరు: అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు డల్లాస్‌లో ఉంటారు, సెప్టెంబర్‌లో ఐస్‌లాండ్ నుంచి బయల్దేరే చిన్న షిప్‌లో ఈస్ట్ గ్రీన్‌లాండ్ వెళ్దామని చూస్తున్నారు, ఇండియా నుంచి అమ్మానాన్నలని కూడా తీసుకెళ్తారు, ఇద్దరికీ అరవై దాటాయి, శాకాహారులు, ఇండియన్ పాస్‌పోర్ట్. బ్రోచర్‌లో రంగురంగుల చెక్క ఇళ్ళతో ఇత్తొక్కొర్తూర్మీత్ అనే ఊరి ఫొటో చూసి మనసు పడ్డారు. అంత డబ్బు పెట్టొచ్చా, ఊళ్ళో ఎలా మసలుకోవాలి, అక్కడి పిల్లలకి ఏమైనా పట్టుకెళ్ళాలా అని.

సూటిగా చెప్తా. వెళ్ళండి, కానీ ఆ ఊరి కోసం కాకుండా అక్కడి స్కోర్స్‌బీ సుండ్ ఫియోర్డ్ కోసం, అంటే కొండల మధ్య లోపలికి చొచ్చుకుపోయిన సముద్రపాయ కోసం వెళ్ళండి. పది పన్నెండు రోజుల ట్రిప్‌లో ఆ ఊళ్ళో మీరుండేది రెండు మూడు గంటలు, అదీ ఐసు, గాలి, అలలు అన్నీ ఒప్పుకుంటేనే. ఊరు దొరక్కపోయినా ట్రిప్ బాగుందనిపించేట్టు మనసు సిద్ధం చేసుకుంటే బుక్ చేయండి. ఊరే ముఖ్యం, జనంతో కూర్చుని మాట్లాడాలి అనుకుంటే మాత్రం క్రూజ్ మీకు సరైన దారి కాదు, దానికి వేరే దారి ఉంది, కింద చెప్తాను.

నేను వైజాగ్ వాడినండి, మర్చంట్ నేవీలో చాలా ఏళ్ళు కార్గో షిప్‌ల మీద చేసి తర్వాత ఎక్స్‌పెడిషన్ షిప్‌లలో డెక్ ఆఫీసర్‌గా చేరా, ఆర్కిటిక్ సీజన్లు చాలానే చూశా. కాబట్టి ఇదంతా బ్రిడ్జి అనే ఓడ నడిపే గదిలోంచి, జోడియాక్ అనే రబ్బరు పడవలు దింపే చోటు నుంచి చూసిన మాట, టూర్లు అమ్మేవాళ్ళ మాట కాదు.

ముందు ఆ ఊరు ఎక్కడుందో చూడండి. గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలో 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక స్కోర్స్‌బీ సుండ్ అనే ఫియోర్డ్ మొదలవుతుంది, ప్రపంచంలో అతి పెద్ద ఫియోర్డ్ వ్యవస్థ అదే, లోపలికి 350 కిలోమీటర్ల దాకా పోతుంది. దాని ముఖద్వారం దగ్గర ఉత్తరపు ఒడ్డున ఈ ఊరు. జనం సుమారు 350 మంది. దానికి ఉత్తరాన ఈశాన్య గ్రీన్‌లాండ్ నేషనల్ పార్క్ మొదలవుతుంది, దాదాపు 9,72,000 చదరపు కిలోమీటర్లు, అంత పెద్ద పార్క్‌లో ఊరన్నదే లేదు, వాతావరణ కేంద్రాలు, మిలిటరీ పోస్టులు, డెన్మార్క్ వాళ్ళ సిరియస్ అనే కుక్కబళ్ళ గస్తీ దళం, అంతే. దక్షిణాన ఇంకో ఊరు తగలాలంటే వందల కిలోమీటర్లు పోవాలి. అంటే రోడ్డు లేదు, రైలు లేదు, పక్కూరు లేదు.

సముద్రం సంగతి ఇంకా ముఖ్యం. ఆర్కిటిక్ మహాసముద్రం నుంచి ఐసుని మోసుకుంటూ ఈస్ట్ గ్రీన్‌లాండ్ కరెంట్ అని ఒక ప్రవాహం ఈ తీరం వెంబడే కిందకి దిగుతుంది. దానివల్ల ఏడాదిలో దాదాపు తొమ్మిది నెలలు ఆ ఊరికి ఓడ దారి మూసుకుపోయే ఉంటుంది. సరుకుల ఓడ వేసవిలో ఒకటి రెండుసార్లు వస్తుంది, బియ్యం, పిండి, డీజిల్, టాయిలెట్ పేపర్, స్కూలు పుస్తకాలు, అన్నీ ఆ ఓడలోనే రావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, షాపు గురించి చెప్పేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

అసలు అంత మూలన ఊరు ఎందుకుందని మీ నాన్నగారు కచ్చితంగా అడుగుతారు, మా షిప్ ఎక్కిన పెద్దవాళ్ళు అందరూ అడిగేది అదే. ఇది పాతకాలం నుంచీ ఉన్న ఊరు కాదండి. పూర్వం ఇన్యూట్‌లు అనే ఆర్కిటిక్ ఆదివాసులు ఆ ప్రాంతంలో ఉండేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళ ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి, కానీ 1822లో విలియం స్కోర్స్‌బీ అనే ఇంగ్లీష్ తిమింగలాల వేటగాడు ఆ తీరం మ్యాప్ గీసేటప్పటికే అక్కడ మనుషులు కనిపించలేదు. ఇప్పటి ఊరు 1925లో పుట్టింది. ఐనార్ మిక్కెల్సన్ అనే డేనిష్ అన్వేషకుడు ముందు ఏడాది ఇళ్ళు కట్టించి, దక్షిణాన అమ్మసాలిక్ ప్రాంతం నుంచి కుటుంబాలని ఓడలో తీసుకొచ్చి దింపాడు. అమ్మసాలిక్‌లో జనం పెరిగి వేట సరిపోవట్లేదు అన్నది ఒక కారణం, రెండోది రాజకీయం, తూర్పు గ్రీన్‌లాండ్ మాదంటే మాదని నార్వే, డెన్మార్క్ కొట్టుకుంటున్న రోజులవి, అక్కడ మనుషులు కాపురం ఉంటే డెన్మార్క్ వాదనకి బలం. చివరికి 1933లో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టు డెన్మార్క్ వైపే తీర్పిచ్చింది. అంటే అక్కడ మీకు ఎదురయ్యే ముసలాయన తాతో తండ్రో ఆ ఓడ దిగినవాడే అయ్యుండొచ్చు. ఊళ్ళో చిన్న మ్యూజియం ఉంది, తెరిచి ఉంటే అక్కడికి ముందు వెళ్ళండి, దుకాణానికి తర్వాత.

ఇప్పుడు అసలు రిస్కు. బ్రోచర్‌లో ఊరి పేరు అచ్చువేసి ఉంటుంది కానీ కింద చిన్న అక్షరాల్లో ఐసు, వాతావరణం బట్టి మారొచ్చు అని ఉంటుంది, ఆ చిన్న అక్షరాలే నిజం. ఊరు ఫియోర్డ్ నోటి దగ్గర ఉంది కాబట్టి బయట సముద్రం నుంచి వచ్చే అల నేరుగా తగులుతుంది. లోపల ఫియోర్డ్‌లో నీళ్ళు అద్దంలా ఉన్న రోజున కూడా ఊరి ముందు జోడియాక్ ఎగిరెగిరి పడుతుంటుంది. ఒకసారి మేము పొద్దున్నే వెళ్ళి ఊరి ముందు ఆగాం, ఇళ్ళు కనిపిస్తున్నాయి, కుక్కల అరుపులు వినిపిస్తున్నాయి, సెల్‌ఫోన్లు తీసి అందరూ డెక్ మీద నిలబడి ఉన్నారు, గంటలో గాలి తిరిగింది, తేలుతున్న ఐసు పలకలన్నీ ఒడ్డు వైపు వచ్చి పేరుకున్నాయి, కెప్టెన్ వద్దన్నాడు. జనానికి కోపం వచ్చింది, ఇంత డబ్బు కట్టాం, వంద మీటర్ల దూరంలో ఊరు ఉంది, దింపలేరా అని రిసెప్షన్ దగ్గర గొడవ. దింపడం పెద్ద పని కాదు, దింపినవాళ్ళని వెనక్కి తీసుకురావడం పెద్ద పని. ఐసు మూసుకుపోతే నూటయాభై మంది ఆ 350 మంది ఊళ్ళో రాత్రి ఎక్కడ పడుకోవాలి?

ఇంకో సంగతి, భయపెట్టడానికి చెప్పట్లేదు, ఇన్సూరెన్స్ ఎందుకు కావాలో అర్థం కావాలని చెప్తున్నా. 2023 సెప్టెంబర్ 11న ఓషన్ ఎక్స్‌ప్లోరర్ అనే షిప్ ఈ ఊరికి ఉత్తరాన పార్క్‌లో ఆల్పెఫియోర్డ్ అనే చోట ఇసుకలో కూరుకుపోయింది, 206 మంది ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, మూడు రోజులకి ఒక ఫిషరీస్ రీసెర్చ్ ఓడ వచ్చి లాగితే బయటపడింది. అప్పుడు డేనిష్ నేవీ గస్తీ ఓడ సహాయానికి రావాలంటే రెండువేల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ తర్వాత వారం తిరక్కుండానే, సెప్టెంబర్ 16న, అదే ప్రాంతంలో డిక్సన్ ఫియోర్డ్‌లో కొండ విరిగి నీళ్ళలో పడి పెద్ద సునామీ వచ్చింది, ఆ కదలిక తొమ్మిది రోజులపాటు ప్రపంచమంతా భూకంప పరికరాల మీద కనిపించింది. ఆ సమయానికి అక్కడ ఏ షిప్పూ లేకపోవడం అదృష్టం. క్రూజ్‌లు తిరిగే దారే అది.

అందుకని మెడికల్ ఎవాక్యుయేషన్, అంటే జబ్బుపడినవాళ్ళని ఆసుపత్రికి తరలించే ఖర్చు, కవర్ ఉన్న ఇన్సూరెన్స్ లేకుండా అమ్మానాన్నలని ఎక్కించొద్దు. ఊళ్ళో నర్సు ఉండే చిన్న ఆరోగ్య కేంద్రమే ఉంటుంది. షిప్‌లో డాక్టర్ ఉంటాడు, మంచివాడే ఉంటాడు, కానీ ఆయన దగ్గర గుండె నాళాలకి చికిత్స చేసే క్యాత్‌ల్యాబ్ ఉండదు. గుండెనొప్పి వస్తే హెలికాప్టర్‌లో కాన్‌స్టబుల్ పాయింట్ ఎయిర్‌స్ట్రిప్‌కి, అక్కడి నుంచి విమానంలో ఐస్‌లాండ్‌కి, పొగమంచు ఉంటే ఆ హెలికాప్టరే ఎగరదు. నాన్నగారికి స్టెంట్ పడి ఏడాది కాలేదంటే నేనైతే ఈ ట్రిప్ వద్దంటాను, మొహమాటం లేకుండా.

వీసా. దీని మీద కాస్త ఎక్కువ రాస్తా ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమే కానీ ఈయూలో లేదు, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లోనూ లేదు. కాబట్టి మామూలు షెంగెన్ వీసా ఉంటే ఐస్‌లాండ్‌లో దిగొచ్చు, గ్రీన్‌లాండ్‌లో అది చెల్లదు. గ్రీన్‌లాండ్‌కి చెల్లుతుందని వీసా మీదే విడిగా రాసి ఉండాలి, అది ఇచ్చేది డెన్మార్క్ వాళ్ళు. పైగా మీరు ఐస్‌లాండ్‌లో దిగి, షిప్ ఎక్కి షెంగెన్ బయటికి పోయి, మళ్ళీ ఐస్‌లాండ్‌కే వస్తారు కాబట్టి షెంగెన్ మల్టిపుల్ ఎంట్రీ కావాలి. షిప్ దిగినా దిగకపోయినా గ్రీన్‌లాండ్ వీసా అడుగుతారు. ఒకసారి ముంబై నుంచి వచ్చిన ఒక జంటకి వాళ్ళ ఏజెంట్ షెంగెన్ ఉంటే చాలు అని చెప్పాడట, సింగిల్ ఎంట్రీ స్టికర్‌తో ఓడరేవు దాకా వచ్చారు, చెక్ ఇన్ దగ్గరే ఆపేశారు, మిగతా షిప్ అంతా ఎక్కుతుంటే వాళ్ళు సూట్‌కేసుల మీద కూర్చుని ఉన్నారు, డబ్బు వెనక్కి రాదు. ఆర్నెల్ల ముందు నుంచి అప్లై చేయొచ్చు, అప్పుడే పెట్టండి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఇప్పటికే మీ దగ్గర ఉన్నా అక్కడి నుంచి అప్లై చేయడం సాధారణంగా కుదరదు, ఇండియాలో ఉండగానే చేయించండి. మీరు అమెరికన్ సిటిజన్ అయితే మీకీ తలనొప్పి లేదు, ఇంకా గ్రీన్‌కార్డే అయితే ఆ వీసాలు మీకూ కావాలి.

ఏ నెల, ఏ షిప్? జులైలో ఆ తీరమంతా చాలాసార్లు ఐసే ఉంటుంది. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా సీజన్. నన్నడిగితే సెప్టెంబర్ మొదటి సగం, చలి సున్నా చుట్టూ ఉంటుంది కానీ రాత్రులు చీకటి పడతాయి కాబట్టి ఆకాశం తేటగా ఉంటే అరోరా అనే రంగుల వెలుగులు కనిపిస్తాయి, నేల మీద పాకే మరుగుజ్జు మొక్కలన్నీ ఎర్రగా నారింజ రంగులోకి తిరుగుతాయి. జులైలో వెళ్తే రాత్రన్నదే లేదు, అరోరా మాట మర్చిపోండి. షిప్ విషయానికొస్తే రెండొందల మంది లోపు ఉన్నదే తీసుకోండి, వంద మంది లోపైతే ఇంకా మంచిది. ధర ఎక్కువే, కానీ ఎక్కువమంది ఉంటే అందరినీ ఒకేసారి ఒడ్డుకి దింపరు, వంతులు వేస్తారు, మీ వంతు వచ్చేసరికి గంటే మిగులుతుంది. ఆపరేటర్ ఏఈసీఓ అనే ఆర్కిటిక్ ఎక్స్‌పెడిషన్ క్రూజ్ కంపెనీల సంఘంలో మెంబరా కాదా చూడండి. 2003లో పెట్టారు దాన్ని, ఊళ్ళల్లో ఎలా నడుచుకోవాలో వాళ్ళకి రాతపూర్వక నియమాలున్నాయి, మెంబర్ షిప్‌లలో వాటిని నిజంగానే పాటిస్తారు, లాండింగ్ ముందు లెక్చర్ హాల్లో కూర్చోబెట్టి చెప్తారు కూడా. ఆ లెక్చర్ ఎగ్గొట్టి కాఫీ తాగడానికి వెళ్ళకండి.

ఐస్‌లాండ్ నుంచి అక్కడికి డెన్మార్క్ స్ట్రెయిట్ అనే జలసంధి దాటాలి, ఒక రోజు పైనే, ఆ నీళ్ళు మంచివి కావు. వాంతుల బిళ్ళ ఓడ కదిలాక వేసుకుంటే ఉపయోగం తక్కువ, ముందే వేసుకోవాలి. ఇండియాలో దొరికే సిన్నరిజిన్ అమెరికాలో అమ్మరు, అమ్మానాన్నలు వచ్చేటప్పుడు తెచ్చుకోమనండి, వాళ్ళ డాక్టర్‌ని అడిగి. చెవి వెనక అంటించే పాచ్ గ్లకోమా ఉన్నవాళ్ళకి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళకి మంచిది కాదు. క్యాబిన్ కింద అంతస్తులో, షిప్ మధ్యలో తీసుకోండి, పై అంతస్తు బాల్కనీ క్యాబిన్‌కి ఎక్కువ డబ్బు కట్టి ఎక్కువ ఊగడం ఎందుకు.

తిండి సమస్య కాదండి. బుకింగ్ టైంలోనే శాకాహారం, గుడ్డు తింటారా లేదా, ఉల్లి వెల్లుల్లి సంగతి రాసేయండి. వంటింట్లో, సర్వీసులో మనవాళ్ళో ఫిలిప్పీన్స్ వాళ్ళో ఉండే అవకాశం ఎక్కువ, అమ్మగారు రెండో రోజుకే ఎవరో ఒకళ్ళతో చుట్టరికం కలిపేస్తారు. ఆవకాయ సీసా తెచ్చుకుంటే లీక్ అవకుండా రెండు కవర్లలో కట్టి చెక్ ఇన్ బ్యాగులో.

జోడియాక్ గురించి అమ్మగారికి ముందే చెప్పండి. రబ్బరు పడవ, షిప్ పక్కన మెట్లు దిగి అందులోకి అడుగు పెట్టాలి, కింద మనిషి చేయి పట్టుకుంటాడు, అరచేతులు కాకుండా మణికట్టు మణికట్టు పట్టుకోవాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి అంటే హ్యాండ్‌బ్యాగ్ కుదరదు, వీపుకి బ్యాగే. ఒడ్డున జెట్టీ దొరకొచ్చు, దొరక్కపోతే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నడవాలి, బూట్లు షిప్ వాళ్ళు ఇస్తారు. చీర కుదరదు. లోపల థర్మల్స్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్ళు పట్టని ప్యాంటు, జాకెట్. ఒకావిడ థర్మల్స్ మీద చీర కట్టుకుని, దాని మీదే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు వేస్తానని పట్టుబట్టింది, మెట్ల దగ్గర మా వాళ్ళు బతిమాలి వెనక్కి పంపారు, సల్వార్ వేసుకుని వచ్చి అందరికన్నా చక్కగా దిగింది. మెట్లు ఎక్కిదిగడం, తడి రాళ్ళ మీద నడవడం, ఈ రెండూ ఇప్పటి నుంచి అలవాటు చేసుకోమనండి. ఊళ్ళో టూరిస్టులకి టాయిలెట్లు ఉంటాయని ఆశపెట్టుకోవద్దు, షిప్ దిగేముందే.

ఇక ఊరు. మన పల్లెటూరికి ఒకే మధ్యాహ్నం నాలుగు టూరిస్టు బస్సులు వచ్చి, ఒకేలాంటి ఎర్ర జాకెట్లు వేసుకున్న రెండొందల మంది దిగి, అరుగు మీద ఆరబెట్టిన వడియాల్ని, పంపు దగ్గర స్నానం చేస్తున్న పిల్లల్ని ఫొటోలు తీస్తూ తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అక్కడ వాళ్ళకి సీజన్ అంతా అదే. అయినా నవ్వుతారు, చేయి ఊపుతారు, ఎందుకంటే మర్యాదస్తులు, కొంతమందికి ఆదాయం కూడా. అందరూ సంతోషంగా ఉన్నారని కాదు.

వేట గురించి ఉపన్యాసాలు వద్దు. ఇళ్ళ ముందు ధ్రువపు ఎలుగు తోలు చట్రానికి బిగించి ఆరబెట్టి ఉండొచ్చు, సీల్ మాంసం కుక్కలకి కోస్తుండొచ్చు, మస్క్ ఆక్స్ అనే గుబురు జుట్టు ఆర్కిటిక్ జంతువు తలకాయ గోడకి ఆనించి ఉండొచ్చు. అమ్మగారికి కడుపులో తిప్పుతుంది, ముందే చెప్పి ఉంచండి, చూడలేకపోతే పక్కకి తిరగమనండి, ముఖం చిట్లించొద్దనండి. ఆ ఊరు వేట మీద బతుకుతున్న ఊరు, ఎలుగులకి కోటా ఉంది, ఇష్టమొచ్చినట్టు కాల్చరు. నార్వాల్ అనే పొడవాటి దంతమున్న తిమింగలం విషయంలో పెద్ద గొడవే నడుస్తోంది, తూర్పు తీరంలో వాటి సంఖ్య పడిపోయిందని, వేట పూర్తిగా ఆపాలని సైంటిస్టులు అంటున్నారు, వేటగాళ్ళు ఒప్పుకోవట్లేదు. ఇందులో మన క్రూజ్ షిప్‌లు కూడా అమాయకులేం కాదు. అదే స్కోర్స్‌బీ సుండ్‌లో నార్వాల్‌లకి ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే ఓడ చప్పుడుకి 20, 30 కిలోమీటర్ల దూరం నుంచే అవి తమ తీరు మార్చుకుంటున్నాయని, దగ్గరకొస్తే తిండి వెతకడం మానేస్తున్నాయని తేలింది. మీ ఓడలు వచ్చి మా వేట చెడగొడుతున్నాయి అని ఆ ఊరివాళ్ళు అనడంలో న్యాయం ఉంది. ఆ ఓడలు నడిపిన మనిషిగా నేను దానికి ఎదురు చెప్పలేను.

కుక్కలు. ఊరి చివర రాళ్ళ మధ్య గొలుసులతో కట్టేసి పడుకుని ఉంటాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. అవి బండి లాగే పని కుక్కలు, పెంపుడువి కావు, గొలుసు అందేంత దూరంలోకి అడుగు పెట్టొద్దు. కుక్కపిల్లలు గొలుసు లేకుండా తిరుగుతుంటాయి, మీ కాళ్ళ దగ్గరికి వస్తాయి, వాటినీ ముట్టుకోకుండా ఉండటమే మేలు, తల్లి పక్కనే ఉంటుంది. కుక్క కరిస్తే ట్రిప్ అక్కడితో ఆఖరు.

ఎలుగుబంట్లు ఊళ్ళోకే వస్తాయి, ఐసు తగ్గాక ఇంకా ఎక్కువ. 2015 నుంచి ఊళ్ళో ఎలుగుల మీద కన్నేసి ఉంచే గస్తీ ఉంది, పిల్లలు స్కూలుకి వెళ్ళే టైంకి చుట్టూ తిరిగి చూస్తారు. మా స్టాఫ్ కూడా రైఫిళ్ళతో ఊరి అంచుల్లో నిలబడతారు, వాళ్ళు గీసిన హద్దు దాటి ఇంకో మంచి ఫొటో కోసం వెళ్ళొద్దు. నాన్నగారికి ఫొటోల పిచ్చి ఉంటే ఆయన మీద ఒక కన్నేసి ఉంచండి. డ్రోన్ తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఇంట్లోనే వదిలేయండి, షిప్ వాళ్ళు ఎగరనివ్వరు.

ఫొటోలు అడిగి తీయండి. భాష రాకపోయినా కెమెరా చూపించి కళ్ళతో అడిగితే అర్థమవుతుంది, తల ఊపితే తీయండి, ముఖం తిప్పితే వదిలేయండి. కిటికీల్లోకి తొంగి చూడటం, స్కూలు కంచె దగ్గర నిలబడి పిల్లల్ని తీయడం రెండూ చేసేవాళ్ళని చూశాను, మీరు అలాంటివాళ్ళు కాదనుకుంటా. ఎవరైనా పలకరిస్తే "ఆలూ" అంటే చాలు, థాంక్స్ చెప్పాలంటే "ఖుయనాక్".

మీరు అడిగిన గిఫ్టుల సంగతి. పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు పంచొద్దండి. ప్రేమతోనే ఇస్తాం, కానీ ప్రతి షిప్ అదే చేస్తే పిల్లలు ఎర్ర జాకెట్ కనిపించగానే చేయి చాపడం నేర్చుకుంటారు, పళ్ళు పాడవుతాయి, పళ్ళ డాక్టర్ ఎప్పుడో గానీ రాడు. ఇవ్వాలనే ఉంటే ఎక్స్‌పెడిషన్ లీడర్‌ని ముందే అడగండి, స్కూలుకి ఏమైనా కావాలేమో ఆయనకి తెలిసి ఉంటుంది. అంతకన్నా మంచిది అక్కడ డబ్బు ఖర్చు పెట్టడం, డేనిష్ క్రోనర్ నోట్లు కొన్ని ఉంచుకోండి, చేతిపనులు అమ్మేవాళ్ళ దగ్గర కార్డు నడవకపోవచ్చు.

షాపు ఒకటే, పిలెర్సుయిసోక్ అని. పైన చెప్పానుగా సరుకుల ఓడ సంగతి. చాలామంది ఊరికే సరదాకి లోపలికి వెళ్ళి బిస్కెట్లు, చిప్స్, పళ్ళు బుట్టలో వేసుకుంటారు. ఆ అరల్లో ఉన్నది వచ్చే వేసవి దాకా ఊరందరికీ సరిపోవాల్సిన సరుకు, మీకు షిప్‌లో నాలుగు పూటలా బఫే ఉంది. చూడండి, ధరలు చూసి ఆశ్చర్యపోండి, కొనకండి. పోస్టాఫీసు తెరిచి ఉంటే ఇంటికి పోస్ట్‌కార్డు వేయండి, అది బాగుంటుంది.

కొనాల్సినవి చేతిపనులు. టుపిలాక్ అని వికృతమైన ముఖాలతో చిన్న బొమ్మలు చెక్కుతారు, అసలు పుట్టింది తూర్పు గ్రీన్‌లాండ్‌లోనే. కొనేముందు దేంతో చేశారని అడగండి. రెయిన్‌డీర్ కొమ్ము, మస్క్ ఆక్స్ కొమ్ము అయితే సరే. నార్వాల్ దంతం, స్పెర్మ్ వేల్ పన్ను, ఎలుగు గోరు, ఎలుగు తోలు వద్దే వద్దు, అవి దేశం దాటించలేరు. మీరు అమెరికా వెళ్తారు కాబట్టి సీల్ తోలు గ్లోవ్స్, పర్సులు కూడా వద్దు, అక్కడి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం 1972 నుంచి ఉంది, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. అదే కొన్న మీ పక్క క్యాబిన్ జర్మన్ ఆయనకి వాళ్ళ దేశంలో సరైన కాగితం ఉంటే ఫర్వాలేదు, ఆయన్ని చూసి మీరు కొనొద్దు. మస్క్ ఆక్స్ ఉన్నితో అల్లిన మెడపట్టీ దొరికితే తీసుకోండి, ఖరీదే గానీ అంత మెత్తనిది మీరెక్కడా పట్టుకుని ఉండరు.

ఫియోర్డ్ కోసం వెళ్ళమన్నాను కదా, అందులో ఏముందో రెండు ముక్కలు చెప్పాలి. ఊరు దాటి లోపలికి పోతే మీ రోజులన్నీ అక్కడే గడుస్తాయి. రోడెఫియోర్డ్ దగ్గర ఎర్రటి ఇసుకరాతి దీవి, దాని వెనక పెద్ద పెద్ద ఐస్‌బర్గ్‌లు నేల తగిలి నిలబడిపోయి ఉంటాయి, వాటి మధ్య జోడియాక్‌లో తిప్పుతారు. వైకింగ్ బే దగ్గర బసాల్ట్ అనే నల్లరాతి స్తంభాలు. కొండ మీద నల్లటి చుక్కలు కదులుతుంటే అవి మస్క్ ఆక్స్‌లు, బైనాక్యులర్ తప్పనిసరి, మంచిది కొనండి, చవక కెమెరా కన్నా అదే మేలు. ఈ భాగం మాత్రం దాదాపు ఎప్పుడూ దెబ్బతినదు, ఒక చోట ఐసు ఉంటే ఇంకో చోటికి తీసుకెళ్తారు. డబ్బుకి తగిన విలువ ఇక్కడుంది.

ఊరే కావాలంటే వేరే దారి అన్నాను. ఐస్‌లాండ్ నుంచి కాన్‌స్టబుల్ పాయింట్‌కి చిన్న విమానాలు వస్తాయి, అక్కడి నుంచి హెలికాప్టర్‌లో పావుగంట. ఊళ్ళో గెస్ట్‌హౌస్ ఉంది, మార్చి ఏప్రిల్‌లో వేటగాళ్ళతో కుక్కబళ్ళ మీద వెళ్ళొచ్చు. అప్పుడు మీరు రెండొందల మందిలో ఒకరు కాదు, డబ్బు నేరుగా వాళ్ళ చేతికే వెళ్తుంది. కానీ వాతావరణం వల్ల రోజుల తరబడి ఇరుక్కోవచ్చు, అరవై దాటిన శాకాహారులతో నేను చేయమనను, మీరొక్కరే ఇంకోసారి వెళ్ళండి. అమ్మానాన్నలకి అంత మూల వద్దనుకుంటే పడమటి తీరం సులువు, 2024 నవంబర్‌లో గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో పెద్ద రన్‌వే తెరిచారు, 2025 వేసవిలో న్యూయార్క్ పక్కన నెవార్క్ నుంచి అక్కడికి నేరుగా సీజనల్ విమానం నడిచింది, నూక్ నుంచి ఇలులిస్సాత్ అనే ఊరికి వెళ్తే ఐస్‌బర్గ్‌లు హోటల్ కిటికీలోంచే కనిపిస్తాయి, ఆసుపత్రి ఉంది.

కొన్ని క్రూజ్‌లు ఐస్‌లాండ్‌కి బదులు నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో మొదలై ఈ ఊరికి వస్తాయి, రేటు దగ్గరగా ఉంటే అది కూడా చూడండి. దారిలో నీ ఓలెసున్ అనే రీసెర్చ్ ఊరు తగలొచ్చు, 2008లో తెరిచిన మన ఇండియా వాళ్ళ హిమాద్రి స్టేషన్ అక్కడే ఉంది, బయటి నుంచి చూడొచ్చు. రేడియో టెలిస్కోపులు ఉన్నాయి కాబట్టి ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ ఆపేయమంటారు, నాన్నగారి స్మార్ట్‌వాచ్ కూడా. కానీ ఆ రూట్‌లో సముద్రంలో రోజులు ఎక్కువ, అమ్మగారికి ఓడ పడకపోతే ఐస్‌లాండ్ రూటే నయం.

మీ మెసేజ్‌లో రెండు విషయాలు రాయలేదు, అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి, నాన్నగారు ఏ మందులు వాడుతున్నారు. అవి, షిప్ పేరు, తేదీలు పెడితే ఏ క్యాబిన్ తీసుకోవాలో చెప్తాను. వీసా అపాయింట్‌మెంట్ మాత్రం నా సమాధానం కోసం ఆగకుండా ఈ వారమే చూడండి.